బషీర్ టాపు మీద పదిహేడు క్వింటాళ్ల మంచు

ఫోన్‌లో పని చెప్పడమంటే బషీర్‌కు ఒళ్లు మంట. మనిషి ఎదురుగా ఉంటే సుత్తి ఎట్లా పట్టాడో చూసి, "గట్ల కాదురా, ఇటు తిప్పి కొట్టు" అని చెప్పొచ్చు. ఫోన్‌లో ఆ చెయ్యి కనపడదు. "కొట్టినవా?" అంటే "కొట్టిన" అంటాడు. ఎక్కడ కొట్టాడో ఆ పైవాడికే ఎరుక. అట్లాంటి బషీర్‌కు మొన్న జనవరిలో, రెండు వేల కిలోమీటర్ల అవతల నిలబడ్డ ఒక బండి టాపు మీది మంచును ఫోన్‌లోనే తీయించాల్సిన గతి పట్టింది. మంచు అంటే ఆయన బతుకులో చూసింది ఫ్రిజ్ లోపలి గోడకు పేరుకునేదే.

పటాన్‌చెరు దగ్గర కర్దనూర్ దాటినంక రోడ్డు పక్కన ఒక పెద్ద రేకుల షెడ్డు ఉంది. అక్కడ బండ్లకు బాడీలు కడతారు. వట్టి ఛాసిస్ మీద డ్రైవర్ సీటు ఒక్కటే వేసుకుని వచ్చిన బండి, రెండు నెలలకు స్కూలు బస్సో, బొల్లారం కంపెనీల షిఫ్టు బస్సో అయి బయటికి పోతుంది. ఆ షెడ్డులో బషీర్ టాపు మిస్త్రీ. కొండాపూర్ మండలంలో ఒక పల్లె ఆయనది. తండ్రి రేకు డబ్బాలు, వడ్ల గుమ్ములు చేసేవాడు. బషీర్ ఇరవై రెండో ఏట ఈ దారి పట్టాడు. ఇప్పుడు యాభై నాలుగు. ఇన్నేళ్లలో ఎన్ని టాపులు కట్టాడో ఆయనకే లెక్క లేదు గానీ, తను కట్టిన టాపు వానకు కారిందని ఒక్కడు వెనక్కి రాలేదు. ఆ మాట ఆయనే పదిమందికి చెప్పుకునేవాడు.

మూడేళ్ల నుంచి షెడ్డు ఓనరు త్రినాథరావు కొత్త పని పట్టాడు. లోపల మంచం, పొయ్యి, బాత్రూము అన్నీ ఉండే బండ్లు. క్యారవాన్ అంటారు. అట్లాంటిది ఒకటి చేయించుకున్నది సంగారెడ్డి దంపతులు ఎడ్విన్, ఎవాంజెలిన్. ఎడ్విన్ బొల్లారంలో మందుల కంపెనీలో ముప్పై ఏళ్లు షిఫ్టులు చేసి రిటైరైన మనిషి. ఎవాంజెలిన్ సైన్సు టీచరు. నీళ్లు గడ్డకడితే ఎందుకు ఉబ్బుతాయో, మంచు నీళ్ల మీద ఎందుకు తేలుతుందో బోర్డు మీద బొమ్మలు గీసి చెప్పీ చెప్పీ ఆమెకు అరవై వచ్చాయి. మంచును కళ్లతో చూడలేదు. రిటైరవగానే ఇద్దరూ ఒకే మాట మీదికి వచ్చారు: పోయి చూద్దాం, హోటళ్లల్లో వద్దు, మన బండిలోనే పోదాం.

బండి తయారవుతుండగా ఎవాంజెలిన్ ఒక కోరిక కోరింది. మంచం మీద పడుకుంటే పైన ఆకాశం కనపడాలి. టాపులో పెద్ద అద్దం కిటికీ పెట్టాలి.

పెద్ద అద్దం పెట్టాలంటే టాపు కింద అడ్డంగా పోయే పైపుల్లో ఒకదాన్ని నడిమికి కోయాలి. కోసినప్పుడు దానికి అటొకటి ఇటొకటి దొడ్డు పైపులు వేసి బలం ఇవ్వాలి. ఆ వారం దొడ్డు పైపు సరుకు రాలేదు. బండి ఇచ్చే తారీఖు మీద పడింది. త్రినాథరావు రోజుకు నాలుగుసార్లు వచ్చి "ఏమయ్యా, ఎంతవరకు వచ్చింది?" అంటున్నాడు. బషీర్ ఒక పూట ఆలోచించాడు. చివరికి ఉన్న సన్న పైపే వేసి వెల్డింగ్ కొట్టించాడు. బండి ఎక్కడెక్కడికి పోతుందో అడగలేదు. సంగారెడ్డి బండి. దీని మీద ఎండ తప్ప ఇంకేం పడుతది అనుకున్నాడు.

బండి ఇచ్చే రోజు ఎనిమిది మంది పనివాళ్లను టాపు ఎక్కించి నిలబెట్టాడు. చిన్న చప్పుడు కూడా రాలేదు. "చూసిండ్రా సార్? ఏనుగు నిలవడ్డా దిగది. ఇది బషీర్ టాపు" అన్నాడు ఎడ్విన్‌తో.

జనవరిలో ఒక మంగళవారం పొద్దున పదిన్నరకు ఫోను మోగింది. షెడ్డులో గ్రైండర్ అరుస్తోంది. బషీర్ ఒక చెవి మూసుకుని బయటికి వచ్చాడు.

"బషీర్ భాయ్, నేను ఎడ్విన్‌ను. టాపు చప్పుడు చేస్తున్నది."

"ఏం చప్పుడు సార్?"

"కిర్రుమంటున్నది. ఉండి ఉండి కిర్రుమంటున్నది."

వాళ్లు మనాలి అవతల, కొండ కింది సొరంగం దాటినంక వచ్చే లోయలో ఒక ఊళ్లో ఉన్నారు. ఒక ఇంటి వాకిట్లో బండి పెట్టుకున్నారు. ఆ ఇంటివాళ్లు చలికాలమని కిందికి దిగిపోయారు. ఇల్లు కనిపెట్టుకుని దోర్జే అనే ముసలాయన ఒక్కడే ఒక గదిలో ఉంటున్నాడు. రెండు రోజులుగా మంచు ఆగకుండా పడుతోంది. అటు రోడ్డు లేదు, ఇటు రోడ్డు లేదు. కరెంటు పోయింది. టాపు మీది సోలార్ పలక మంచు కింద పడింది కాబట్టి బండిలోనూ కరెంటు లేదు. కింద మైదానంలో కొట్టించిన డీజిల్ చలికి నెయ్యిలా పేరుకుని ఇంజను లేవడం లేదు. ఫోన్లో చార్జింగ్ అడుగంటుతోంది.

"ఎక్కువ మాట్లాడలేను. ఏం చేయాల్నో చెప్పు."

బషీర్ ఏం ఆలోచించలేదు. బస్సు టాపు మీద బురద పేరుకుంటే ఏం చేస్తాడో అదే చెప్పాడు. "ఏమున్నది సార్, నిచ్చెనేసి పైకెక్కి పారతోని లాగేయుండ్రి."

మధ్యాహ్నం రెండింటికి మళ్లీ ఫోను. ఈసారి గొంతు వేరుగా ఉంది. ఎడ్విన్ నిచ్చెన వేసుకుని ఎక్కాడట. ఇనుప పారతో లాగాడట. మంచు కింద అద్దం ఎక్కడుందో తెలియలేదు. పార పోయి అద్దానికి తగిలి ఒక మూల చిట్లింది. దిగేటప్పుడు నిచ్చెన మెట్టు మీద మంచుకు కాలు జారి, నడుము దాకా మంచులో పడ్డాడు. దెబ్బ తగల్లేదు గానీ ముసలాయన వచ్చి లేపాల్సి వచ్చింది.

"నువ్వే కదా ఎక్కుమన్నవ్!"

"అద్దం మీద కొట్టుమన్ననా సార్?"

"అద్దం కనపడితే కదా!"

లైను తెగింది. బషీర్ తిరిగి కొట్టాడు. పోలేదు. ఆరుసార్లు కొట్టాడు. ఏడోసారి, నంబరు అందడం లేదని రికార్డు ఆడగొంతు ఒకటి హిందీలో చెప్పి పెట్టేసింది. ఫోన్‌ను నేలకేసి కొట్టాలనిపించింది ఆయనకు.

గంట తర్వాత ఒక ఫోటో వచ్చింది. బండి లోపలి నుంచి తీసింది. మంచం పైన టాపు లోపలి షీటు బానపొట్టలా కిందికి వచ్చింది. బషీర్ దాన్ని వేళ్లతో పెద్దది చేసి చూశాడు. ఎక్కడ దిగిందో ఇంకోసారి చూశాడు. అద్దానికి అటూ ఇటూ. సరిగ్గా సన్న పైపు వేసిన చోట.

పక్కన వెల్డర్ చిన్నరాములు తొంగి చూశాడు. ఆ రోజు ఆ పైపులకు వెల్డింగ్ కొట్టింది అతనే.

"ఉస్తాద్, ఇది గదే కదా..."

"నోర్ముయ్" అన్నాడు బషీర్.

త్రినాథరావుకు సంగతి చెబితే ఆయన కాగితాల ఫైలు తీసి ముందు పెట్టాడు. "చూడు బషీరూ, మన గ్యారంటీలో వాన నీళ్లు కారడం గురించే రాసుంది. మంచు అని ఎక్కడైనా ఉందా? లేదు. వాళ్లను ఎవరు పొమ్మన్నారు అక్కడికి? నువ్వు ఆ ఫోను ఎత్తడం మానేయ్. స్కూలు బస్సు శుక్రవారం ఇవ్వాలి, అది చూడు."

"లోపల మనుషులున్నరు సార్."

"నువ్వు ఇక్కడి నుంచి ఊదితే ఆ మంచు పోతుందా?"

ఆ మాట నిజమే. అందుకే బషీర్‌కు ఇంకా మండింది.

సాయంత్రం ఇంటికి పోయి అన్నం ముందు కూర్చున్నాడు, తినలేదు. భార్య అక్తరీ బేగం రెండుసార్లు అడిగింది, మూడోసారి గట్టిగా అడిగింది. జరిగింది చెప్పాడు, సన్న పైపు సంగతి తప్ప. ఆమె విని, "అయితే మీ తప్పేమున్నది అండ్ల? గింత పరేషాన్ ఎందుకు?" అంది. బషీర్ చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. ఆమె అటే చూస్తూ కూర్చుంది. ముప్పై ఏళ్ల కాపురంలో అన్నం ముందు నుంచి ఆయన లేచిపోయింది తండ్రి పోయిన రోజు ఒక్కసారే.

బుధవారం పొద్దున ఫోను వచ్చింది. ఎవాంజెలిన్. ఆమె గొంతు క్లాసులో పాఠం చెబుతున్నట్టు నిదానంగా ఉంది.

"బషీర్ భాయ్, మావారు కోపంల ఉన్నరు. నాతోని మాట్లాడుండ్రి. ఏం కొలవాల్నో చెప్పుండ్రి, కొలిచి చెప్త."

కొలవడం అన్న మాట వినగానే బషీర్‌కు కొంచెం ప్రాణం వచ్చింది. "టీచరమ్మా, ఎంత ఎత్తు పడ్డది టాపు మీద?"

"మూరెడు. కర్ర గుచ్చి చూసిన."

"దాని బరువు ఎంతుంటదో నాకు తెల్వదు. దూదిలెక్క ఉంటదని అంటరు కదా."

"పైది దూదే. కిందిది తడిసి గట్టిపడ్డది. ఉండుండ్రి."

పావుగంట తర్వాత మళ్లీ చేసింది. బకెట్‌తో మంచును పైనుంచి కింది దాకా నిలువునా కోసి నింపిందట. సామాను తూచే కొక్కెం కాటాకు తగిలించి తూచిందట. బకెట్ బరువు తీసేస్తే నాలుగున్నర కిలోలు. అట్లాంటి బకెట్లు టాపు మీద ఎన్ని పడతాయో కూడా ఆమే లెక్క వేసింది.

"మూడు వందల తొంభై బకెట్లు. పదిహేడు క్వింటాళ్ల పైన బషీర్ భాయ్."

బషీర్ గోడకు ఆనుకున్నాడు. ఎనిమిది మందిని నిలబెట్టి ఏనుగు అన్నాడు తను. ఆ ఎనిమిది మంది కలిసి అయిదు క్వింటాళ్లు. ఇప్పుడు ఆ టాపు మీద ముప్పై అయిదు బియ్యం బస్తాలు కూర్చుని ఉన్నాయి. ఇద్దరు మనుషులు దాని కింద పొయ్యి వెలిగించుకుని చాయ్ తాగుతున్నారు.

"టీచరమ్మా, మీరు ఇద్దరు ఇప్పుడే బండిలకెల్లి దిగుండ్రి. ఆ ముసలాయన గదిలకు పోండ్రి."

"ఆయన దిగనంటున్నరు. ఏనుగు నిలవడ్డా దిగది అని మీరే చెప్పిండ్రంట."

ఇక్కడే బషీర్ ఆగిపోయాడు. షెడ్డు ముందు నుంచి షిఫ్టు బస్సు ఒకటి పోయింది. అది మలుపు తిరిగేదాకా దాని టాపునే చూశాడు. తర్వాత చెప్పేశాడు.

"నేను తప్పు చేసిన టీచరమ్మా. మీ అద్దం కాడ దొడ్డు పైపు వెయ్యాల్సి ఉండె. సన్నది వేసిన. ఆ రోజు సరుకు లేకుండె, నేను ఆగలె. ఏనుగు మాట వట్టి మాట. దిగుండ్రి."

అవతల ఎడ్విన్ గుంజుకున్నాడు ఫోను. "ఏమన్నవ్? సన్న పైపా? మా నెత్తి మీదనా? ముప్పై ఏండ్లు పైసా పైసా చేసి కట్టించుకున్న బండి ఇది! నువ్వు..." ఇంకా ఏదో అన్నాడు. గాలికి సగం వినపడలేదు. వినపడ్డ సగానికే బషీర్ చెవులు ఎర్రబడ్డాయి. తిట్టనీ అనుకున్నాడు. తిట్టి అయినా దిగనీ.

దిగారు. ఎవాంజెలిన్ ఒక్క ముక్క మెసేజ్ పెట్టింది: గదిలో ఉన్నాం.

ఇక బషీర్‌కు నిలబడ్డ చోట నిలవబుద్ధి కాలేదు. టాపు ఎంత బరువు ఆపుతుందో, ఎక్కడ తెగుతుందో తెలియకుండా ఏం చెప్పినా నిన్నటిలాగే అవుతుంది. చిన్నరాములును పిలిచాడు. షెడ్డు వెనక పాత ముక్కలతో, ఆ అద్దం ఉన్న నడిమి భాగం వరకు, బండిలో మూడో వంతు, అదే కొలతకు, అదే సన్న పైపుతో ఒక టాపు ముక్క కట్టించాడు. నాలుగు కాళ్ల మీద నిలబెట్టారు. తర్వాత చేపల మార్కెట్‌కు ఐసు పోసే ఫ్యాక్టరీకి ఆటో పంపి, నలగ్గొట్టిన ఐసు బస్తాలు తెప్పించాడు.

ఐసు పైన పోస్తుంటే పటాన్‌చెరు ఎండ పై నుంచి తింటూనే ఉంది. నాలుగో బస్తా పోసేసరికి మొదటి బస్తా నీళ్లై కారిపోయింది. బషీర్ అంగీ, పంట్లాము, చెప్పులు అన్నీ తడిసి ముద్దయ్యాయి. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. పక్క షెడ్డు బిహారీ కుర్రాళ్లు "చాచా, జ్యూస్ కీ దుకాన్?" అని నవ్వారు. "పోయ్! ఇంకో బస్తా పోయ్!" అని బషీర్ అరుస్తున్నాడు.

చిన్నరాములు బస్తా కింద పెట్టి నెమ్మదిగా అన్నాడు. "ఉస్తాద్, మనకు బరువే కదా కావాల్సింది. ఇసుక బస్తాలు వేస్తే కాదా?"

బషీర్ అతని ముఖంలోకి చూశాడు. పొద్దుటి నుంచి ఈ మాట ఎవరైనా చెప్పొచ్చు కదా అనిపించింది. తనకెందుకు తోచలేదో అర్థం కాక మరింత మండింది. "తే మరి! నిలవడి చూస్తవేంది!"

షెడ్డు పక్కన ఇల్లు కడుతున్న వాళ్ల దగ్గర ఇసుక అడిగి తెచ్చారు. బస్తాకు యాభై కిలోలు తూచి పన్నెండు బస్తాలు ఎక్కించారు. అంటే ఇప్పుడు అక్కడ బండి మీద ఉన్నంత బరువు. సన్న పైపులు నాలుగు వేళ్లు కిందికి వంగి ఆగాయి. ఫోటోలో ఉన్నట్టే. పదమూడు, పద్నాలుగు. కిర్రుమంది. పదిహేనో బస్తా పెట్టి చెయ్యి తీయగానే తుపాకీ పేలినట్టు చప్పుడైంది. ఒక పక్క వెల్డింగ్ ఊడి పైపు వేలాడింది. బస్తాలు జారి కింద పడ్డాయి.

ఎవరూ నవ్వలేదు. ఇంకో అర జానెడు మంచు పడితే అక్కడ కూడా ఇదే జరుగుతుంది.

మళ్లీ అతికించారు. ఈసారి పన్నెండు బస్తాలు వేసి, స్లాబు వేసేటప్పుడు కింద నిలబెట్టినట్టు, సన్న పైపులు రెంటికీ అడ్డంగా ఒక కట్టె వేసి, దాని కింద ఒక గుంజ పెట్టి, గుంజ కింద బండి జాకీ పెట్టి, పైపులకు ఆనేదాకా లేపారు. ఇరవై బస్తాలు వేసినా కదల్లేదు. ఇంకొకటి కూడా తెలిసింది. ఒక్క పక్కనే బస్తాలు తీస్తే టాపు మెలి తిరుగుతోంది. అటొకటి ఇటొకటి తీస్తేనే నిలుస్తోంది. కరగగా మిగిలిన ఐసు మీద ఇనుప పార, కట్టె పలక రెండూ లాగి చూశాడు. పార టాపు మీద పరిచే ఫైబర్ షీటును గీరి, నీళ్లు దిగకుండా అతుకుల దగ్గర పెట్టిన సీలెంట్‌ను పీకేసింది. పలక నున్నగా జారింది.

అప్పుడే త్రినాథరావు కారు దిగాడు. స్కూలు బస్సు పొద్దున ఎట్లా ఉందో అట్లాగే ఉంది. షెడ్డు వెనక ఇసుక, నీళ్లు, పగిలిన ఫ్రేము.

"ఏంటయ్యా ఇది? సంతా?"

"టాపు చూస్తున్న సార్. సన్న పైపు వేసింది నేను. తారీఖు అని తొందరవెట్టింది మీరు. ఇద్దరిదీ ఉన్నది ఇండ్ల."

త్రినాథరావు మొహం ముడుచుకుంది. "అంటే వాళ్లతో ఒప్పుకున్నావా? నోటితో?"

"ఒప్పుకున్న."

ఆయన కారెక్కి తలుపు గట్టిగా వేసుకుని పోయాడు. ఆ తర్వాత నెలన్నర పాటు ఇద్దరికీ మాటల్లేవు. పని చిన్నరాములుతో చెప్పి పంపేవాడు.

గురువారం పొద్దున ఎవాంజెలిన్ నుంచి ఫోను వచ్చేసరికి బషీర్ చెప్పాల్సింది కాగితం మీద వరసగా రాసుకుని కూర్చున్నాడు. ఉర్దూలో రాసుకుని తెలుగులో చెప్పాడు.

"చార్జింగ్ ఎంతున్నది టీచరమ్మా?"

"పదకొండు."

"మబ్బు?"

"మళ్ల కమ్ముకుంటున్నది. సాయంత్రానికి పడుతదని దోర్జే అంటున్నడు."

"అయితే జల్దీ వినుండ్రి. ఎవ్వరు పైకి ఎక్కొద్దు. ఎవ్వరు లోపలికి పోవద్దు ఇప్పుడే. తాడు ఉన్నదా?"

ఉంది. దోర్జే దగ్గర కట్టె పార కూడా ఉంది. అక్కడి ఇండ్లవి మట్టి కప్పులు, చదునుగా ఉంటాయట. మంచు పడుతుండగానే రోజుకు మూడుసార్లు కట్టె పారతో తోసేస్తారట. "రెండు రోజులు ఎట్ల ఊకున్నరు మీరు? ఇది కూడా తెల్వదా?" అని ముసలాయన మంగళవారమే అన్నాడట. ఎడ్విన్ చెవిన పెట్టలేదు.

బషీర్‌కు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సరైన మాట చెప్పేవాడు వాకిట్లోనే ఉంటే, తను రెండు వేల కిలోమీటర్ల దూరం నుంచి పారతో లాగమన్నాడు.

"సరే. ఒక పలకకు రెండు పక్కల తాడు కట్టుండ్రి. తాడు కొసకు రాయి కట్టి టాపు మీదికెల్లి అవతలికి ఇసురుండ్రి. అటు ఒకరు, ఇటు ఒకరు. పలక పైన నిలబడ్డట్టు ఉండాలె, మెల్లగ గుంజాలె. ముందు బండి వెనక వైపు కొంచెం, తర్వాత ముందు వైపు కొంచెం. అటింత, ఇటింత. ఒక్క పక్కనే గుంజొద్దు. నడుమ అద్దం ఉన్నకాడికి ఆఖరికి రావాలె. నాలుగు వేళ్ల మందం మిగలనియ్యుండ్రి, షీటుకు తగలొద్దు. వేడి నీళ్లు పొయ్యొద్దు, అద్దం మొత్తం పోతది. సగం బరువు దిగినంక..."

"సగం దిగినంక?"

"సగం దిగినంక సార్‌ను తలుపు తెరిచి ఉంచి లోపల గుంజ పెట్టుమనుండ్రి. మంచం జరిపి, సన్న పైపులు రెంటికి అడ్డంగ ఒక కట్టె వేసి, దాని కింద. గుంజ కింద జాకీ. ఆనితే చాలు, పైకి ఎత్తొద్దు. ఎత్తితే..."

లైను తెగింది.

కొట్టాడు. స్విచ్ ఆఫ్. మళ్లీ కొట్టాడు. స్విచ్ ఆఫ్.

ఎత్తితే ఏమవుతుందో చెప్పనేలేదు. ఎక్కువ లేపితే ఫైబర్ షీటు పైకి పగులుతుంది. మళ్లీ మంచు పడకముందే టాపు మీద కట్టాల్సిన టార్పాలిన్ సంగతీ చెప్పలేదు. కాగితం మీద సగం వరసలు అట్లాగే మిగిలాయి. బషీర్ ఆ కాగితం ఫోటో తీసి పంపాడు. ఉర్దూలో ఉందని తట్టి నాలిక కరుచుకున్నాడు. చిన్నరాములు చేత తెలుగులో రాయించి పంపాడు. ఒక్క గీత పడింది. రెండో గీత పడలేదు. చేరలేదన్న మాట.

ఆ పగలంతా ఏ పని మీదా చెయ్యి నిలవలేదు. బస్సు టాపుకు రివిట్లు కొడుతూ రెండు చోట్ల తప్పు కొట్టి పీకాడు. పన్నెండయింది. రెండయింది. చేతి నిండా బలం ఉంది, ముప్పై ఏళ్ల పనితనం ఉంది, అది ఎవరికీ అక్కరకు రాకుండా కర్దనూర్ రోడ్డు మీద ఎండలో నిలబడి ఉంది. సాయంత్రం అసర్ నమాజుకు నిలబడ్డప్పుడు కూడా అల్లా ముందు ఆయనకు గుర్తుకొచ్చింది జాకీయే. గట్టిగా తిప్పకు సార్, గట్టిగా తిప్పకు.

ఆ రోజు ఫోను రాలేదు. అక్తరీ బేగం ఆయన పక్కన వచ్చి కూర్చుంటే సన్న పైపు సంగతి కూడా చెప్పేశాడు. ఆమె విన్నది. "వాళ్లకు చెప్పిండ్రు కదా" అని మాత్రం అంది.

శుక్రవారం పదకొండు గంటలకు తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. రోడ్డు మీద మంచు తోసే యంత్రం ఆ ఊరి దాకా వచ్చిందట. దాని డ్రైవరు ఫోను అది.

"బషీర్ భాయ్" అంది ఎవాంజెలిన్. "నిలవడ్డది."

బషీర్ గ్రైండర్ ఆపమని చిన్నరాములుకు సైగ చేశాడు.

ఆమె వరసగా చెప్పింది. పలక రెండుసార్లు సోలార్ పలకకు తట్టుకుంది. తాడు ఒకసారి తెగింది. అటు దోర్జే, ఇటు తామిద్దరూ కలిసి గుంజారు. మూడు గంటలు పట్టింది. ఎడ్విన్ గుంజ పెట్టి జాకీ తిప్పుతుంటే, "ఎత్తొద్దు" అన్న మాట ఆమె నాలుగుసార్లు అరిచి చెప్పింది. "ఎత్తితే" తర్వాత ఏముందో తెలియకపోయినా, మంచిది మాత్రం కాదని ఆమెకు అర్థమైంది. సాయంత్రం మళ్లీ పడింది, జానెడు. టార్పాలిన్ ఆలోచన ఆమెకే వచ్చింది. ముందే కప్పి, తెల్లారి రెండు కొసలు పట్టి గుంజితే మంచు మొత్తం ఒక్కసారి జారి పడిందట.

"నేను చెప్దామనుకున్నది గదే!" అని బషీర్ అరిచాడు. అరిచాక కళ్లు తుడుచుకున్నాడు.

"ఉండుండ్రి, మావారు మాట్లాడుతరంట."

ఎడ్విన్ గొంతు సవరించుకున్నాడు. "బషీర్ భాయ్, రోడ్డు తెరిచిండ్రు. కాని ఎండ వచ్చింది ఇక్కడ. కొండలన్ని వెండిలెక్క మెరుస్తున్నయ్. ఇంకో వారం ఉండి వస్తం."

"ఏం సార్? ఇంకో వారమా? ఆ టాపు కిందనా?" బషీర్ గొంతు షెడ్డు అంతా వినపడింది. "మీకు మతి గిట్ల పోయిందా? ఇప్పుడే కిందికి దిగుండ్రి!"

అవతల నవ్వు వినపడింది. ఫోను పెట్టేశాడు. బషీర్ ఆ వారమంతా రోజూ పొద్దున లేవగానే మనాలి వాతావరణం చూసి తిట్టుకున్నాడు.

మార్చి మొదటి వారంలో బండి షెడ్డుకు వచ్చింది. లోపల నడిమికి ఇంకా ఆ గుంజ నిలబడే ఉంది. దారి పొడవునా దాన్ని తీయకుండా తెచ్చారు, రాత్రిళ్లు దాని పక్కకు ఒదిగి పడుకుంటూ. ఎడ్విన్ బషీర్‌ను చూసి నమస్కారం పెట్టలేదు, చెయ్యి కూడా కలపలేదు. పోయి బయట కుర్చీలో కూర్చున్నాడు. బషీర్ కూడా ఏమీ ఆశించలేదు.

లోపలి షీటు విప్పాడు. సన్న పైపులు రెండూ విల్లులా వంగి ఉన్నాయి. ఒకదాని వెల్డింగ్ దగ్గర వెంట్రుకంత చీలిక ఉంది. ఎవాంజెలిన్ కళ్లద్దాలు పెట్టుకుని స్టూలు ఎక్కి దగ్గరగా చూసింది. ఆ చీలిక మీద వేలు పెట్టింది.

"ఇది ఆ రోజు ఇంకెంత ఆగేది?"

"మీ బండి సంగతి చెప్పలేను. ఇక్కడ నేను అట్లనే కట్టి ఇసుక వేసి చూసినదైతే, ఇంకో మూడు బస్తాలకు పోయింది."

ఆమె స్టూలు దిగింది. బయట కూర్చున్న భర్త వైపు చూసింది. "మీరు చెప్పకపోతే మేము లోపలనే పండుకునేటోళ్లం" అంది, మామూలుగా, ఉన్న మాట చెప్పినట్టు. బషీర్ తల పైకెత్తలేదు. మెచ్చుకోలు అది కాదని ఆయనకు తెలుసు. తిట్టు కూడా కాదు.

దొడ్డు పైపులు ముందే తెప్పించి పెట్టుకున్నాడు. త్రినాథరావును అడగలేదు. రెండు ఆదివారాలు, చిన్నరాములుతో కలిసి, అద్దానికి అటు రెండు ఇటు రెండు వేశాడు. అద్దం కూడా మార్చాడు. ఇసుక బస్తాలు ముప్పై అయిదు పైకి ఎక్కించి, ఒక పగలంతా అట్లాగే ఉంచి, పైపు వంగితే తెలిసేటట్టు కింద దారం కట్టి చూశాడు. దారం కదల్లేదు. ఎడ్విన్ వచ్చి ఆ దారం దగ్గర వంగి చూశాడు.

"ఇంకో అయిదు వెయ్" అన్నాడు.

బషీర్ ఇంకో అయిదు బస్తాలు ఎత్తించాడు.